అంచు తప్పని అడుగు

మంచుపై విహరించువారి బూటు అడుగున బిగించియుండు ఉక్కు బ్లేడును దూరమునుండి చూచినవారు దానికి ఒకే అంచు గలదని భావింతురు. చేత బట్టి తిరగవేసి చూచినచో, ఇంచుమించు నాలుగు మిల్లీమీటర్ల మందము గల ఆ పట్టె అడుగున నిలువునా సన్నని గాడి యొకటి తొలిచియుండుటయు, ఆ గాడికి ఇరువైపుల రెండు అంచులు లేచియుండుటయు కన్పట్టును. పాదమునకు లోపలి వైపున నుండునది లోపలి అంచు. వెలుపలి వైపున నుండునది వెలుపలి అంచు. ముందుకొసన మంచును గుచ్చుటకు పండ్లు కొన్ని యుండును. స్కేటింగ్ చేయువారు తిన్నగా నిలిచి జారుట బహు స్వల్పము. వారు ఎల్లప్పుడును ఈ రెండంచులలో ఏదో యొకదానిపైకి ఒరిగి, ఆ ఒరుగుడు వలననే వంపులు తిరుగుచు, ఆ వంపులనుండియే గాలిలోనికి లేచి, మరల అంచుమీదనే దిగుచుందురు. పూర్వము ఈ పోటీలలో నియతమైన వలయములను మంచుపై గీయుట ఒక ప్రత్యేక పరీక్షగా నుండెడిది. న్యాయనిర్ణేతలు నడుము వంచి ఆ గీతలను పరిశీలించి మార్కులు వేసెడివారు. అంతర్జాతీయ పోటీలలో ఆ పరీక్ష 1990వ సంవత్సరముతో ముగిసినది. ఆ యేడాదియే సెప్టెంబరు 5వ తేదీన దక్షిణ కొరియాలోని బుచియోన్ నగరమున జన్మించిన కిమ్ యునా, ఆ గీతల పరీక్షను ఎన్నడును ఎదుర్కొననక్కరలేని తరమునకు చెందినదయ్యు, అంచుల శుద్ధియందు ఆ పాతతరమువారికి ఏమాత్రమును తీసిపోనిదగుట గమనింపదగిన విశేషము. ఆమె పోటీజీవితమును గూర్చి వ్రాయబూనినపుడు, పతకముల పట్టికకంటె ముందుగా నాకు తోచునది ఈ అంచుల మాటయే.

కొరియా దేశమునకు మంచుక్రీడలు కొత్తవి కావు. చిన్న వలయములో గుంపుగా వేగముతో పరుగిడు షార్ట్ ట్రాక్ స్కేటింగులో ఆ దేశీయులు ఎన్నో ఒలింపిక్ స్వర్ణములు గడించిరి. కాని సంగీతమునకు అనుగుణముగా నర్తించుచు ఎగురవలసిన ఫిగర్ స్కేటింగులో, యునా బాల్యమునాటికి, కొరియా క్రీడాకారులకు ఒలింపిక్ పతకము గాని, ప్రపంచ పోటీల పతకము గాని లభించియుండలేదు. ఆ కళకు దేశములో గురుపరంపర లేదు. దానికని ప్రత్యేకించిన రింకులు లేవు. దానిని రాత్రి మేలుకొని చూచు ప్రేక్షకసమూహమును లేదు. రష్యాలోనో, అమెరికాలోనో, జపానులోనో ఒక బాలిక తొలిసారి స్కేట్లు కట్టుకొన్ననాడు ఆమె వెనుక దశాబ్దముల అనుభవము గల శిక్షకులును, ఆ శిక్షకులకు శిక్షణ నిచ్చినవారును నిలిచియుందురు. యునా వెనుక నిలిచినది ఆమె తల్లి.

ఆ కుటుంబము యునా ఆరవయేట గున్‌ఫో పట్టణమునకు మారినది. ఐదారేండ్ల ప్రాయమున తల్లితోను, అక్కతోను గ్వాచియోన్‌లోని రింకునకు వినోదార్థము వెళ్ళిన ఆ పిల్ల, మంచుపై నిలిచిన తీరును చూచి ర్యూ జోంగ్-హ్యున్ అను శిక్షకుడు, ఈ బిడ్డయందు అసాధారణ ప్రతిభ కలదనియు, దీనిని ఆటగా విడువక విద్యగా నేర్పింపవలసినదనియు తల్లికి చెప్పెను. ఆ మాటను తల్లి పార్క్ మి-హి విశ్వసించుట వలననే తరువాతి కథ యంతయు జరిగినది. నాటినుండి ఆమె కుమార్తెకు వాహనచోదకురాలు, ఆహారము చూచునది, అభ్యాసమును పర్యవేక్షించునది, పోటీ దుస్తులను గూర్చి విచారించునది, అన్నియు తానే అయ్యెను. బూట్లు, బ్లేడులు, శిక్షకుల వేతనములు, రింకు అద్దె, విదేశ ప్రయాణములు, ఇవన్నియు మధ్యతరగతి కుటుంబమునకు మోయరాని భారము; పైగా 1997లో ఆసియా ఆర్థిక సంక్షోభము కొరియాను క్రుంగదీసిన దినములవి. పగటివేళ రింకు సామాన్యజనులతో నిండియుండును; మూడు చుట్లు తిరిగి దిగుట నేర్చుకొను బాలికకు అంత జనసమ్మర్దములో చోటు దొరకదు. కనుక జనులు ఇండ్లకు మరలిన పిమ్మట, రాత్రి ప్రొద్దుపోయిన వేళ, చలికి కండరములు బిగిసిపోవు స్థితిలో ఆమె అభ్యాసము సాగెను. 1998లో నాగానో ఒలింపిక్ క్రీడలయందు అమెరికా యువతి మిషెల్ క్వాన్ చేసిన ప్రదర్శనము ఆ బాలికకు ఆదర్శమైనది. క్వాన్‌కు ఆనాడు లభించినది స్వర్ణము కాదు, రజతము.

పండ్రెండేండ్ల ప్రాయమున, 2003లో, యునా తనకంటె పెద్దవారి నందరిని ఓడించి కొరియా జాతీయ విజేతయై, వరుసగా నాలుగేండ్లు ఆ స్థానమును నిలుపుకొనెను. 2004లో హంగరీలో జరిగిన జూనియర్ గ్రాండ్ ప్రీ పోటీలో నెగ్గి, ఆ వరుస పోటీలలో విజయము సాధించిన తొలి కొరియా వ్యక్తి యైనది. సరిగా ఈ దశలోనే ఆమె జీవితములోనికి మరియొక బాలిక ప్రవేశించెను. జపాను దేశపు నగోయా నగరమునకు చెందిన అసాదా మావో యునాకంటె ఇరువది దినములు మాత్రమే చిన్నది. ఎత్తును, ప్రాయమును, ప్రతిభయు సరిసమానములైన ఆ యిద్దరును పది సంవత్సరములపాటు ఒకరినొకరు తరుముకొనుచు, ఒకరి వలన ఒకరు పెరుగుచు, ఆసియా ఖండమునకు ఈ క్రీడలో పెద్దపీట వేయించిరి. 2005 ప్రపంచ జూనియర్ పోటీలలో మావో ప్రథమస్థానమునను, యునా ద్వితీయస్థానమునను నిలిచిరి. 2006లో స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానాలో ఆ వరుస తారుమారయ్యెను. అదే సంవత్సరము టురిన్‌లో ఒలింపిక్ క్రీడలు జరిగినవి గాని, ముందటి జులై 1వ తేదీ నాటికి పదునైదేండ్లు నిండియుండవలెనను నియమము వలన ఇద్దరికిని ప్రవేశము లభింపలేదు. యునాకు రెండు నెలలు తక్కువైనవి.

విజయముల జాబితాలో కనబడని సంగతి యొకటి చెప్పవలెను. పెరుగుచున్న ఆ పాదములకు సరిపడు బూట్లు దొరకుట దుర్లభమయ్యెను. బిగువైన తోలుబూటు చీలమండను గట్టిగా పట్టియుంచనిచో అంచుపై నిలకడ యుండదు. మరీ బిరుసైనచో మడమ పుండ్లుపడును. కొత్తబూట్లు త్వరత్వరగా చెడిపోవుటయు, వానికై మరల వెదకుటయు, నొప్పితో అభ్యాసము చేయుటయు విసుగుపుట్టించి, 2006 ప్రాంతమున ఆమె ఈ క్రీడనే విడిచిపెట్టుదమా యను ఆలోచనకు వచ్చెను. మూడు చుట్లు తిరిగి దిగునపుడు ఒక్క పాదముపై శరీరపు బరువునకు ఐదురెట్లకు మించిన భారము పడునని ఎరిగినవారికి, బూటు సమస్య చిన్నవిషయము కాదని తెలియును.

2006-07లో ఆమె సీనియర్ పోటీలలో ప్రవేశించి, తొలియేడే గ్రాండ్ ప్రీ ఫైనల్ గెలిచెను. 2007 మార్చిలో టోక్యో నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో, షార్ట్ ప్రోగ్రామ్ అను మొదటి భాగమున, 'రాక్సాన్' టాంగో సంగీతమునకు ఆమె చేసిన నృత్యమునకు 71.95 పాయింట్లు వచ్చినవి. అది ఆనాటికి ప్రపంచ రికార్డు. పదునారేండ్ల పిల్ల అంత ప్రౌఢమైన టాంగోను, అంత నిండైన నిబ్బరముతో ఆడుట చూచి సభ నివ్వెరపోయినది. కాని నడుమునొప్పి అప్పటికే ఆమెను బాధించుచుండెను. రెండవదగు ఫ్రీ స్కేటింగులో రెండుమారులు పడిపోయి, కాంస్యముతో తృప్తిపడవలసివచ్చెను. మరుసటియేడు గోథెన్‌బర్గ్‌లో తుంటినొప్పితోనే దిగి, ఫ్రీ స్కేటింగులో అందరికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నను, మొత్తముమీద మరల కాంస్యమే దక్కెను.

ఈ నడుమ, 2007లో, ఆమె కెనడాలోని టొరాంటో నగరమునకు తరలివెళ్ళి, బ్రయాన్ ఓర్సర్ వద్ద శిష్యరికము ప్రారంభించెను. ఓర్సర్ స్వయముగా 1984, 1988 ఒలింపిక్ క్రీడలలో రజత పతకములు పొందినవాడు. స్వర్ణము అందని బాధ ఎట్టిదో అనుభవమున నెరిగినవాడు. నృత్యరచన చేసినవాడు డేవిడ్ విల్సన్. ఈ ఇద్దరును ఆ బాలికకు ఎగురుట నేర్పలేదు. అది ఆమెకు ముందే వచ్చును. ముభావముగా, తనలో తానే ముడుచుకొనియుండు ఆ పిల్లకు మంచుపై నవ్వుటయు, సంగీతమును ఒడలంతట పలికించుటయు అలవాటు చేయుటయే విల్సన్ తన ప్రధాన కార్యముగా నెంచుకొనెను. ఆ మార్పు దృశ్యచిత్రములలో స్పష్టముగా గోచరించును. అంతకుముందు చేతులు నృత్యము చేసెడివి. ఇప్పుడు వెన్నెముకయు, మెడయు, చూపును కూడ చేయసాగినవి.

ఇక్కడ కొంత ఆగి, ఆమె ఎగురుట ఎట్టిదో పాఠకులకు వివరింపవలెను. స్కేటింగులో గల ఆరు ముఖ్యమైన ఎగురుడులలో ఆక్సెల్ మొదటిది. ముఖము ముందునకు పెట్టి లేచుట దానియొక్క విశిష్టత. తక్కిన ఐదును వెనుకకు జారుచు లేచునవి. వానిలో లట్జ్ మిక్కిలి కఠినమైనది. యునా వలె అపసవ్యముగా తిరుగువారు ఎడమపాదపు వెలుపలి అంచుపై ఒరిగి, వెనుకకు దీర్ఘమైన వంపులో జారుచు, కుడిపాదపు బ్లేడు పండ్లను మంచులో గ్రుచ్చి పైకి లేతురు. జారుచున్న వంపు ఒకదిక్కునకు, గాలిలో తిరుగవలసినది దాని ఎదురుదిక్కునకు. శరీరము సహజముగా లోపలి అంచుమీదికి ఒరిగిపోవుటకు తహతహలాడును. ఎగురుటకు ముందటి క్షణమున అట్లు ఒరిగినచో అది లట్జ్ కాదు, ఫ్లిప్ అగును. మేటి క్రీడాకారిణులలో ననేకులు ఈ క్షణమునందే తప్పుదురు. కూచిపూడి తరంగమునందు ఇత్తడి పళ్ళెపు అంచులపై పాదములు నిలిపి, లయ చెడకుండ సాగు నర్తకిని చూచిన తెలుగువారికి ఈ అంచు నిలుపుటలోని కష్టము సులభముగా బోధపడును. యునా లట్జ్ చేయునపుడు చివరిక్షణము వరకును పాదము వెలుపలికే ఒరిగియుండును. గాలిలో ఆమె యుండునది అరక్షణమునకు కొంచెము పైమాట. ఆ కాలములో మూడు చుట్లు పూర్తిచేసి, కుడిపాదపు వెలుపలి అంచుపై దిగి, నడుమ మరియొక అడుగు వేయకయే, ఆ దిగిన అంచునుండియే టో లూప్ అను రెండవ ఎగురుడునకు లేచి మరల మూడు చుట్లు తిరుగును. మొదటిది చేసినప్పుడు వేగము తగ్గినచో రెండవది అసాధ్యము. ఆమెకు తగ్గెడిది కాదు.

మార్కులు వేయు విధానమును కూడ ఒకింత తెలిసికొనవలెను. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్ క్రీడలలో జంటల పోటీ తీర్పుపై చెలరేగిన వివాదము ఫలితముగా, ఆరు మార్కులు పరమావధిగా నుండిన పాతపద్ధతి పోయి, 2004 నుండి కొత్తపద్ధతి అమలులోనికి వచ్చెను. ఇందు ప్రతి ఎగురుడునకు, ప్రతి భ్రమణమునకు నిర్ణీతమైన మూలవిలువ యుండును. దానిని ఎంత చక్కగా చేసిరో చూచి న్యాయనిర్ణేతలు ఆ విలువకు కొంత కలుపుదురు, లేదా తీసివేయుదురు. ఇవిగాక నృత్యము, సంగీతభావము, పాదచాతుర్యము మున్నగువానికి వేరుగా మార్కులుండును. మావో అత్యంత కఠినమైన మూడు చుట్ల ఆక్సెల్‌ను చేయుటకు పూనుకొనెను. ఆడువారిలో దానిని చేయగలిగినవారు అప్పటికి వేళ్ళపై లెక్కింపదగినవారే. ఆ సాహసమునకు శిరసు వంచవలసినదే. యునా దానిని చేయలేదు. తనకు లొంగని లూప్ ఎగురుడును సైతము క్రమముగా వదలివేసెను. తాను చేయునవి కొన్నియే యైనను, వానిలో ఒక్కదానికిని వంక పెట్టుటకు వీలులేనట్లు చేయుట ఆమె యెన్నుకొన్న మార్గము. అది పిరికితనమని తలచినవారు లేకపోలేదు. నా అభిప్రాయములో అది కళాకారుని వివేకము. తన స్వరపరిధి యెరిగి పాడు గాయకుని గానమునకు ఎట్టి నిండుతనము వచ్చునో, ఆమె ప్రదర్శనమునకు అట్టి నిండుతనము వచ్చినది.

ఆ మార్గము ఫలించినది 2009లో. అంతకుముందు డిసెంబరులో కొరియాలోని గోయాంగ్ నగరమున గ్రాండ్ ప్రీ ఫైనల్ జరుగగా, స్వదేశీయుల హర్షనాదముల నడుమ, ఆ అభిమానపు భారము క్రింద, ఆమె మావో చేతిలో ఓడి రజతము పొందెను. మార్చి నెలలో లాస్ ఏంజెలెస్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో, సాంసాన్స్ రచించిన మృత్యునృత్య సంగీతమునకు నల్లని దుస్తులతో చేసిన షార్ట్ ప్రోగ్రామునకు 76.12 పాయింట్లు వచ్చినవి. 'షెహెరజాద్' సంగీతమునకు చేసిన ఫ్రీ స్కేటింగుతో కలిపి మొత్తము 207.71. కొత్తపద్ధతిలో రెండువందల పాయింట్లు దాటిన తొలి మహిళ ఆమెయే. ఫిగర్ స్కేటింగులో ప్రపంచవిజేతయైన తొలి కొరియా వ్యక్తియు ఆమెయే.

ఇక వాంకూవర్ ఒలింపిక్ క్రీడలు. 2010 ఫిబ్రవరి 23వ తేదీన షార్ట్ ప్రోగ్రాములో మావో తన ఆక్సెల్‌ను సాధించి 73.78 పాయింట్లు తెచ్చుకొని మంచు దిగెను. ఆమె వెనువెంటనే ఎక్కవలసినది యునా. సభ యింకను మావో కొఱకు చప్పట్లు కొట్టుచుండగా, పందొమ్మిదేండ్ల యువతి చుట్టు తిరిగి వచ్చి నడుమ నిలిచినది. జేమ్స్ బాండ్ చిత్రముల సంగీతము ప్రారంభమైనది. లట్జ్, దానివెంట టో లూప్, అంచు తప్పకుండ, వేగము చెడకుండ ముగిసినవి. చివర వ్రేళ్ళతో తుపాకి గురిపెట్టిన భంగిమలో ఆమె నిలిచినపుడు ముఖమున కన్పించిన ధీమా ఆ కొద్ది నిమిషములలో పుట్టినది కాదు. మార్కులు 78.50. రెండుదినముల తరువాత ఫ్రీ స్కేటింగులో వరుస మారెను. ఈమారు యునా ముందు, మావో వెంటనే తరువాత. నీలిరంగు దుస్తులు ధరించి, గెర్ష్విన్ రచించిన పియానో కచేరీకి నాలుగు నిమిషములు ఆమె చేసిన నృత్యమును నేను మరల మరల చూచుచుందును; చూచినప్పుడెల్ల, ఎగురుడులకు ముందు ఆమె వెదకుకొనుటగాని, తడబడుటగాని, బలము కూడదీసికొనుటగాని లేకపోవుట నన్ను ఆశ్చర్యపరచును. సంగీతము ఎటు పోయిన అటు పోవుచుండగా ఎగురుడు దారిలో తగిలినట్లుండును. ఆనాటి లెక్క చూడుడు: ఆమె చేసిన అంశముల మూలవిలువ 60.90; చక్కగా చేసినందులకు న్యాయనిర్ణేతలు అదనముగా కలిపినది 17.40. ఫ్రీ స్కేటింగునకు వచ్చినవి మొత్తము 150.06. రెండును కలిపి 228.56, రెండవ స్థానమున నిలిచిన మావోకు 205.50. ఇరువదిమూడు పాయింట్ల అంతరము!

సంగీతము ఆగినంతనే ఆమె చేతులతో ముఖము కప్పుకొని ఏడ్చినది. గట్టుపై నిలిచి ప్రతి ఎగురుడుతో తానును ఎగురుచుండిన ఓర్సర్ ముఖమున, తనకు అందనిది శిష్యురాలికి అందినదను ఆనందము పొంగిపొరలినది. కొరియాలో అది మధ్యాహ్నవేళ. టెలివిజన్ల ముందు జనులు పనులు మాని గుమిగూడిరి. అదే వేదికపై మరియొక ధీరవనితను కూడ స్మరింపవలెను. కెనడా యువతి జోనీ రొషెట్ తల్లి, కుమార్తె ఆట చూచుటకు వాంకూవర్ చేరి, పోటీకి రెండుదినముల ముందు ఆకస్మికముగా మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి రొషెట్ కాంస్యము గెలిచినది.

శిఖరమునకు చేరినవారికి దిగుట యెట్లన్నది పెద్ద సమస్య. నెల తిరుగగానే జరిగిన టురిన్ ప్రపంచ పోటీలలో ఆమె షార్ట్ ప్రోగ్రాములో ఏడవస్థానమునకు జారి, తేరుకొని రజతముతో బయటపడినది. ఆ ఆగస్టులో ఓర్సర్‌తో ఆమె సంబంధము ముగిసెను. 2011లో జపాను భూకంపము కారణముగా టోక్యోనుండి మాస్కోకు మార్చబడిన ప్రపంచ పోటీలలో, ఆమె 'అరిరంగ్' మొదలగు కొరియా జానపద రాగములను కూర్చిన సంగీతమునకు నర్తించి, మికి ఆందో తరువాత రెండవదిగా నిలిచి, బహుమతి ధనమును జపాను బాలల సహాయార్థము యునిసెఫ్‌కు సమర్పించెను. ఆ జులైలో డర్బన్ నగరమున 2018 శీతకాల ఒలింపిక్ క్రీడలను ప్యొంగ్‌చాంగ్‌కు తెచ్చుటకు ప్రసంగించిన వారిలో ఆమెయు ఒకతె. పిమ్మట పోటీలకు దూరమయ్యెను. ఇరువదియేండ్లకే అన్నియు సాధించినదానికి, ప్రాతఃకాలమున లేచి చల్లని మంచుపై పడుచు లేచుచు నుండుటకు కారణమేమి మిగిలియుండును?

కారణము మిగిలియున్నదని ఆమె 2012 జులైలో ప్రకటించెను. సోచి ఒలింపిక్ క్రీడల వరకు ఆడెదనని చెప్పి, కొరియాకే మరలి, బాల్యమునాటి గురువులైన షిన్ హే-సూక్, ర్యూ జోంగ్-హ్యున్‌ల వద్ద అభ్యాసము సాగించెను. 2013 మార్చిలో కెనడాలోని లండన్ పట్టణమున ప్రపంచ పోటీలు. కొరియా పక్షమున మహిళల విభాగములో ఆమె యొక్కతెయే. నియమము ప్రకారము ఒంటరిగా వచ్చినవారు మొదటి రెండు స్థానములలో నిలిచినచో, ఆ దేశమునకు ఒలింపిక్ క్రీడలలో మూడు స్థానములు లభించును. 'లే మిజెరబ్లే' సంగీతమునకు ఆమె చేసిన ఫ్రీ స్కేటింగును, వాంకూవర్ ప్రదర్శనముకంటె మిన్నగా నేను భావింతును. వాంకూవర్‌లో యౌవనపు మెఱుపు కలదు. ఇందు పరిణతి కలదు. మొత్తము 218.31 పాయింట్లు, రెండవ స్థానమున నిలిచిన కరోలినా కోస్ట్నర్‌కంటె ఇరువదికి పైగా అధికము. పతక ప్రదాన సమయమున స్థానిక గాయకబృందము కొరియా జాతీయగీతమును కొరియా భాషలోనే ఆలపించినది. ఆమె తెచ్చిన ఆ మూడు స్థానములలో రెండింటిలో పదునారేండ్ల బాలికలు, కిమ్ హే-జిన్, పార్క్ సో-యోన్, సోచికి వెళ్ళిరి. ఒంటరిగా మొదలిడినదానికి వెంట ఇద్దరు చెల్లెండ్రు దొరికిరి.

సోచిలో జరిగినదానిని గూర్చి నేటికిని వాదములు చల్లారలేదు. కుడిపాదపు ఎముకకు తగిలిన గాయము వలన ఆ శరత్తులో పోటీలు మాని, డిసెంబరులో జాగ్రెబ్‌లో ఆడి, ఆమె 2014 ఫిబ్రవరిలో రష్యా చేరెను. షార్ట్ ప్రోగ్రాములో 74.92తో ప్రథమస్థానము, ఆతిథ్యదేశపు పదునేడేండ్ల అదెలినా సోత్నికొవా 74.64తో ఆమె వెంటనే. ఫ్రీ స్కేటింగులో ఇరువదినలుగురిలో చివరిదానిగా యునా మంచుపైకి వచ్చెను. ఆమె యెన్నుకొన్నది, ఆస్తోర్ పియత్సొల్లా తన తండ్రి మరణించినపుడు రచించిన 'అదియోస్ నోనినో' టాంగో. వీడ్కోలుకు అంతకంటె తగినది లేదు. పొరపాటు లేకుండ ఆమె దానిని ముగించెను. సోత్నికొవా ఏడు మూడుచుట్ల ఎగురుడులు చేసెను, ఒకచోట దిగునపుడు తడబడినది. యునా ఆరు చేసెను, ఎచ్చటను తడబడలేదు. ఫలితము: సోత్నికొవాకు 224.59, యునాకు 219.11.

న్యాయనిర్ణేతలలో ఒకరు రష్యా స్కేటింగ్ సమాఖ్యలో ప్రముఖ పదవి నిర్వహించినవారి భార్య యగుట తీవ్రమైన ఆక్షేపణకు గురియైనది. కొరియా ఒలింపిక్ సంఘము అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్యకు ఫిర్యాదు చేయగా, సమాఖ్య దానిని త్రోసిపుచ్చెను. ఎక్కువ ఎగురుడులు చేసినవారికి మూలవిలువ ఎక్కువగా రావలసినదే; దానిని నేను కాదనను. కాని ఆ ఎగురుడులను ఎట్లు చేసిరి, సంగీతముతో శరీరము ఎంతగా ఏకమైనది అను విషయములకు వేయు మార్కులలో, ఇద్దరి నడుమ గల అంతరము మంచుపై కన్పించినంతగా కాగితముపై కన్పించలేదనుట నా దృఢమైన నమ్మకము. ఆ చిన్నపిల్లది ఇందు దోషమేమియు లేదు. తన శక్తికొలది ఆడినది. బాధ్యత తీర్పు చెప్పినవారిది. యునా మాత్రము పత్రికలవారి యెదుట, తాను చేయవలసినది చేసితిననియు, ఫలితము తన చేతిలోనిది కాదనియు నిమ్మళముగా చెప్పి, వేదికపై విజేతను అభినందించెను. జూనియర్ దశనుండి ఆనాటి వరకు, పాల్గొన్న పోటీలలో ఒక్కదానియందైనను ఆమె పతకము లేకుండ మరలలేదు. సోచియే ఆమె చివరి పోటీ.

2018 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ప్యొంగ్‌చాంగ్ క్రీడాప్రాంగణమున, ఉత్తర దక్షిణ కొరియాల ఉమ్మడి మహిళా హాకీ జట్టులోని ఇద్దరు యువతులు మెట్లెక్కి తెచ్చిన జ్యోతిని అందుకొని ఒలింపిక్ దీపమును వెలిగించినది యునాయే. ఆ క్రీడలలో చొయ్ దా-బిన్ అను కొరియా బాలిక ఏడవస్థానము సంపాదించెను. అంతకు రెండేండ్ల ముందే, పదకొండేండ్ల యు యంగ్ జాతీయ విజేతయై యునా పేరిట నుండిన అతిపిన్న వయస్సు రికార్డును చెరిపివేసినది. 2020లో లొజాన్ నగరమున యువజన ఒలింపిక్ స్వర్ణమును గెలిచినది. వీరందరును యునా ఆటను టెలివిజన్‌లో చూచుచు పెరిగినవారే. కొరియాలో వీరిని యునా బిడ్డలని పిలుతురు. యునా విరమించిన పిమ్మట ప్రపంచ పోటీల మహిళల విభాగములో కొరియాకు పతకము వచ్చుటకు మాత్రము కాలము పట్టినది. 2023 మార్చిలో, జపానులోని సైతామా నగరమున, లీ హే-ఇన్ రజతము గెలిచెను. లండన్‌లో యునా స్వర్ణము పొందిన నాటికి సరిగా పదేండ్లకు. అవే పోటీలలో ఛా జున్-హ్వాన్ పురుషుల విభాగమున రజతము పొందెను; కొరియా పురుషులకు ప్రపంచ పోటీలలో అదియే మొదటి పతకము.